పాలక్క ఊరెళ్ళింది

పాలక్క ఊరెళ్తోందన్న మాట పొద్దెక్కేసరికి వీధంతా పాకిపోయింది. ఎందుకు వెళ్తోందని అడిగినవాళ్ళు లేరు. "మరి రేపు పాలో?" అని మాత్రం అందరూ అడిగారు.

వాళ్ళని అనడానికీ లేదు. ఆ వీధికి పాల పాకెట్లు వేసేది ఆవిడే. జనమంతా ముసుగుతన్ని పడుకున్న వేళ డెయిరీ వ్యాను వచ్చి మలుపులో ట్రేలు దించి పోతుంది. వాటిని కొక్కేనికి తగిలించి బరబరా ఈడ్చుకొచ్చి, చిరిగిన పాకెట్లు వేరుచేసి, ఇంటింటి గుమ్మానికీ వేలాడే సంచిలో వేసుకుంటూ పోతుంది పాలక్క. ఎలాగూ మెలకువగానే ఉంటుంది కదా అని, ఎవరికి తెల్లవారుజామున ప్రయాణం ఉన్నా ముందురోజు ఆవిడ చెవిన వేస్తారు. "రేపు కాస్త లేపమ్మా" అంటారు. ఇది ఎప్పుడు మొదలైందో ఎవరికీ గుర్తులేదు. ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి, అన్ని ఫోన్లలోనూ అలారాలున్నాయి. అయినా ఆవిడకి చెప్పందే ఎవరికీ ధీమా ఉండదు. ఫోనైతే నోరు నొక్కేసి మళ్ళీ పడుకోవచ్చు. పాలక్క నోరు నొక్కడం ఎవరి తరమూ కాదు.

ఆవిడ లేపే పద్ధతే వేరు. ట్రేలు లాగే ఇనప కొక్కెంతో గ్రిల్లు మీద టకటకా కొడుతుంది. తర్వాత పేరుపెట్టి పిలుస్తుంది. "లేచాను" అని లోపల్నించి వినపడితే చాలదు. నిద్రలోనే "లేచాను, లేచాను" అని చెప్పి అటు తిరిగి పడుకునే ఘనులు ఆ వీధిలో బోలెడుమంది. దీపం వెలగాలి, కుళాయి చప్పుడు వినపడాలి. అప్పుడుగాని గుమ్మం దగ్గర్నించి కదలదు. ఇంత పట్టింపు మొదట్లో లేదు. గుమాస్తాగారి పుణ్యమా అని వచ్చింది. ఉద్యోగం నుంచి రిటైరై చాలాకాలమైనా వీధికి ఆయన ఇంకా గుమాస్తాగారే. పోయినేడు ఆయన "లేచాను" అంటే నమ్మి ఆవిడ ముందుకెళ్ళిపోయింది. ఆయన రైలు కాస్తా వెళ్ళిపోయింది. ఆ ముక్క నెలపాటు కనపడిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. ఆయన మొద్దునిద్ర సంగతి ఎవరూ ఎత్తలేదు. పాలక్క నిర్లక్ష్యం గురించే అందరూ మాట్లాడుకున్నారు.

ఊరెళ్ళే సంగతి ముందురోజు సాయంత్రం తేలింది. ఖాళీ ట్రేలు కడిగి గోడకి బోర్లిస్తూ ఉండగా కూతురు ఫోను చేసింది. పాలక్క తడిచెయ్యి కొంగుకి తుడుచుకుని ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది.

"అమ్మా, ఎల్లుండి పొద్దున్నేనట," అంది బుల్లి. "మొదట నన్నే తీసుకెళ్తారట."

"డాక్టరేమన్నారు?"

"కడుపులో గడ్డ తీసేస్తారు. తీశాకగాని అదేమిటో చెప్పలేమన్నారు. భయపడొద్దన్నారు. భయపడొద్దని అంతమంది చెప్తుంటేనే భయమేస్తోంది."

"నేనొస్తానుగా."

"కాన్పుకి కూడా అలాగే అన్నావు," అంది బుల్లి. తిట్టినట్టు అనలేదు. బయట వాన పడుతోందని చెప్పినట్టు అంది.

కాన్పుకి ఆవిడ వెళ్ళేసరికి మనవడు పుట్టి ఒక రోజు దాటిపోయింది. పాలు వేసే మనిషి దొరకలేదని అప్పుడు చెప్పింది. అది నిజమే, దొరకలేదు. కాని పెద్దగా వెతకనూ లేదు.

"అయితే రేపే బయల్దేరి వచ్చేస్తాను."

"రేపొచ్చి ఎక్కడుంటావు? రాత్రిళ్ళు పేషెంటు దగ్గర ఒక్కరినే ఉండనిస్తారు. ఆయనుంటారు. బయట నుంచోడానిక్కూడా చోటు లేదు. ఎల్లుండి మొదటి బస్సెక్కితే డాక్టరొచ్చేలోపు అందుకుంటావు." బుల్లి గొంతు కాస్త తగ్గింది. "లోపలికి తీసుకెళ్ళేముందు ఒక్కసారి కనపడు చాలు. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా నాకు తెలీదు కదా."

మొదటి బస్సు పోతే తర్వాతది బాగా పొద్దెక్కాకే. ఆ బస్సు తప్పిందంటే బుల్లి మనసులో ఉన్నదే ఖాయమైపోతుంది. పాలక్క ఫోను పెట్టేసి, కడిగిన ట్రేనే మళ్ళీ కడిగింది.

మర్నాడు పాలు వేస్తూ గుమ్మం గుమ్మంలోనూ చెప్పుకుంటూ వచ్చింది, రేపొక్కరోజు తన బదులు తోడికోడలు వేస్తుందని. మేడమీద టీచరమ్మ తాడుకట్టిన బుట్ట కిందికి వదులుతూ, "ఆవిడకి మా బుట్ట సంగతి తెలుసా?" అంది. మూల ఇంటి సెలూనాయన, "మా కుక్క కొత్త మనిషిని చూస్తే బెంగపడుతుందే," అని కుక్క తరఫున దిగులుపడ్డాడు. ఎదురింటావిడ అందరికన్నా నయం. "జాగ్రత్తగా వెళ్ళిరా," అంది. అని, "ఎల్లుండికల్లా వచ్చేస్తావుగా? మా ఆయనకి ప్రయాణం ఉంది, లేపాలి," అంది.

గుమాస్తాగారిది వీధి చివరి ఇల్లు. ఆయన గళ్ళ దుప్పటి భుజాన వేసుకుని గేటు దగ్గరే కాచుకుని ఉన్నాడు.

"రేపు మొదటి బస్సుకేనటగా నువ్వు? ఇంకేం, నా నెత్తిన పాలు పోశావు. నాకూ అదే బస్సు. మా పాత ఆఫీసువాళ్ళమంతా కలుస్తున్నాం. భోజనాలూ అవీ ఉన్నాయి. నన్ను లేపి మరీ వెళ్ళు."

"నేను కూడా తెముల్చుకోవాలి కదండీ రేపు."

"అందుకే చెప్తున్నా. నువ్వెలాగూ లేస్తావు. నేను లేవద్దూ? మా ఆవిడ కూడా అబ్బాయి దగ్గరికెళ్ళింది, ఇంట్లో పిలిచే దిక్కు లేదు." పాలసంచి అందుకుంటూ నవ్వాడు. "పోయినసారి రైలు ఎక్కించినట్టు మాత్రం ఎక్కించకు తల్లీ."

పాలక్క కూడా నవ్వింది. ఆ నవ్వు ఆవిడకే నచ్చలేదు. "లేపుతాలెండి," అని వచ్చేసింది. వద్దనే నోరు ఆవిడకి ఉంటే కాన్పుకే వెళ్ళి ఉండేది.

సాయంత్రం తోడికోడలు టైలరింగు షాపు నుంచి రాగానే ఇద్దరూ వీధిలోకి బయల్దేరారు. పాలు లేవు, ఉత్త సంచులే పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. తోడికోడలు పగలంతా మిషను మీద వంగి కుట్టే మనిషి. మెడ ఒక పక్కకి తిప్పితే కటుక్కుమంటుంది. అయినా అడగ్గానే సరేనంది. వేళ్ళకి అంటుకున్న దారప్పోగులు ఊడదీసుకుంటూ వెంట నడిచింది.

"ఈ బుట్టలో పాకెట్లు వేశాక తాడు ఒక్కసారి లాగు. రెండుసార్లు లాగావంటే ఇంకా వేస్తావని టీచరమ్మ అలాగే నుంచుంటుంది. ఇక్కడ బెల్లు కొట్టకు, పసిపిల్ల ఉంది, లేచిందంటే తల్లి నిన్ను తిడుతుంది. ఈ సంచికి అడుగున చిల్లుంది. ఎన్నిసార్లు చెప్పినా మార్చరు. పైన కట్టిన ముడి దగ్గర ఇరికించు."

"అక్కా, ఇందులో ఎవరెవరికి నిద్ర ఎక్కువో కూడా చెప్పు. పెళ్ళి సంబంధాలకి పనికొస్తుంది."

"చెప్తే వీధిలో ఒక్కరికీ పెళ్ళి కాదు."

కుక్క మొరిగింది. తోడికోడలు రెండడుగులు వెనక్కి వేసింది. పరిగెత్తకుండా ఉంటే అది ఏమీ చెయ్యదని పాలక్క దాని మెడ నిమిరి చూపించింది. కుక్క తోడికోడలి చేతిని ఓసారి వాసన చూసి, పర్వాలేదన్నట్టు వెళ్ళి పడుకుంది. యజమాని చెప్పిన బెంగ ఏ కోశానా కనపడలేదు.

"ఇంతకీ నిన్ను ఎవరు లేపుతారు?" అని తోడికోడలు తిరిగొస్తూ అడిగింది.

పాలక్క ఆగింది. ఆ ప్రశ్న తనకి తట్టలేదు. ఏళ్ళ తరబడి ఒంట్లోనే ఏదో గంట కొట్టినట్టు మెలకువ వచ్చేస్తోంది. రేపు కూడా వస్తుంది. రాకపోతే? వ్యాను హారను వినపడి లేచేసరికి బస్సు వెళ్ళిపోయి ఉంటే? రోజూ ఉండే ధైర్యం ఆ ఒక్క మాటతో సడలిపోయింది.

"ఈ ఫోనులో అలారం పెట్టడం వచ్చా నీకు?" అంది.

తోడికోడలు నవ్వాపుకోలేక గోడ పట్టుకుంది. "నువ్వు అలారం పెట్టుకుంటున్నావని తెలిస్తే వీధిలో ఎవరికీ నిద్ర పట్టదక్కా."

అయినా పెట్టింది. ఒకటి చాలదని రెండు పెట్టింది. అది ఎలా మోగుతుందో వినాలంది పాలక్క. మోగింది. ఏదో సన్నాయి లాంటి కూత. "దీనికి ఎవరు లేస్తారే," అని పెదవి విరిచింది.

సర్దుకోవడం అంత తేలిగ్గా తెమల్లేదు. ప్రయాణాలు చేసే మనిషైతే ఏది ముందు పెట్టాలో ఏది పైన పెట్టాలో తెలుస్తుంది. పాలక్కకి ఇంటింటి సంచీ తెలుసు, తనకంటూ ఒక సంచి లేదు. ఇంట్లో ఉన్నవన్నీ పాలసంచులు. ఎంత ఉతికినా విరిగిన పాల వాసన వదలదు వాటికి. ఆసుపత్రికి ఆ వాసనతో ఎలా వెళ్తామని తోడికోడలు తన జిప్పు బ్యాగు తెచ్చిచ్చింది. జిప్పు సగంలో పట్టేసింది. కొవ్వొత్తి ముక్క తెచ్చి పళ్ళ మీద రుద్ది, పైకీ కిందికీ నాలుగుసార్లు ఆడించేసరికి దారికొచ్చింది.

బుల్లికి కడుపు మీద ఒత్తకుండా ఉండాలని వదులు నైటీలు రెండు. అవి బుల్లి పెళ్ళికి ముందువి, ఉతికి ఉతికి మెత్తబడ్డవి. ఒక తువ్వాలు. నేల చల్లగా ఉంటుందని చెప్పులు. గ్లాసూ చెంచా. ఫ్లాస్కు మూత తీసి వాసన చూసి, మొహం చిట్లించి, వేడినీళ్ళూ ఉప్పూ వేసి గిలకొట్టి పారబోసి మళ్ళీ వాసన చూసింది. చెప్పులు బట్టల మీద పెట్టిందని తోడికోడలు మొత్తం తీయించింది. చెప్పులకి కవరు చుట్టి అడుగుకి తోశారు. మళ్ళీ సర్దారు. ఇప్పుడు ఫ్లాస్కు పట్టలేదు.

"అది చేత్తో పట్టుకో," అంది తోడికోడలు.

"దువ్వెన పెట్టామా?"

"ఆసుపత్రిలో జడలు వేస్తావా?"

"అక్కడ వాళ్ళు చిక్కు తియ్యకుండా కట్టేస్తారు. దాని జుట్టు ఒత్తు. చిక్కుపడితే ఏడుస్తుంది," అంది పాలక్క. అని, ఆ మాట ఎప్పటి బుల్లి గురించి అన్నదో తనకే అర్థం కాలేదు. దువ్వెన పెట్టింది.

రేపు కట్టుకోవలసిన బట్టలు కుర్చీ మీద, వాటి మీద ఫోను, బ్యాగు తలుపుకి ఆనించి, బ్యాగు పక్కన చెప్పులు వెళ్ళేవైపు తిప్పి పెట్టుకుంది. కొక్కెం తోడికోడలికి ఇవ్వబోయి, పొద్దున గుమాస్తాగారి తలుపు కొట్టాలి కదా అని ఫ్లాస్కు పక్కనే ఉంచుకుంది. ఇక పడుకోవడమే. పడుకుంది గాని, కన్ను మూతపడినప్పుడల్లా బస్సు వెళ్ళిపోయినట్టు ఉలిక్కిపడింది. చివరికి ఆ సన్నాయి కూసే అవసరమే లేకుండా లేచి, దాని నోరు తనే నొక్కేసింది.

స్నానం చేసి, ఫ్లాస్కులో వేడినీళ్ళు పోసుకుని, తోడికోడల్ని లేపి, మలుపు దాకా వెళ్ళి వ్యాను వచ్చిందో లేదో చూసి, రాలేదనుకుని, ఇది నా పని కాదు ఇవాళ అని గుర్తు తెచ్చుకుని వెనక్కొచ్చింది. బ్యాగు భుజానికి తగిలించుకుంది. ఒక చేత్తో ఫ్లాస్కు, ఒక చేత్తో కొక్కెం పట్టుకుని గుమాస్తాగారి ఇంటికి వెళ్ళింది. లోపల దీపం వెలుగుతోంది. అమ్మయ్య, లేచాడు మహానుభావుడు అనుకుంది. అయినా పద్ధతి పద్ధతే కదా, గ్రిల్లు మీద కొక్కెంతో కొట్టింది.

"గుమాస్తాగారూ. బస్సుకి వేళైందండీ."

జవాబు లేదు. కుళాయి చప్పుడూ లేదు. మళ్ళీ కొట్టింది. చెవి తలుపుకి ఆనించి విన్నది. లోపల గడియారం తప్ప ఇంకేమీ కదలడం లేదు. ఆ తలుపు లాగితే దానంతటదే తాళం పడే రకం. బయటినుంచి చూస్తే మనిషి లోపలున్నాడో లేడో తెలియదు. కిటికీ తెర వేసి ఉంది. ఫోను చేసింది. స్విచ్చాఫ్ అని ఎవరో అమ్మాయి తియ్యగా చెప్పింది.

మొదట ఆవిడకి వేసింది నింద భయం. లేపకుండా తన బస్సు తను ఎక్కిపోయిందని ఇంకో నెల రోజులు వీధంతా మారుమోగుతుంది. తర్వాత ఇంకో భయం వచ్చింది. దీపం ఎందుకు వెలుగుతోంది? ఒంటరి మనిషి, బీపీ మాత్రలు మింగే మనిషి. లేచి, దీపం వేసి, బాత్రూములో జారిపడ్డాడేమో. పిలుస్తున్నా పలకలేక పడి ఉన్నాడేమో. గ్రిల్లు ఊగిపోయేలా కొట్టింది. పక్కింట్లో దీపం వెలిగింది గాని ఈ ఇంట్లో అలికిడి లేదు.

పెద్దరోడ్డు మీద బస్సు ఇంజను మొదలైంది. ఆ డ్రైవరు బయల్దేరే ముందు ఇంజను కాసేపు గుర్రుమనిపిస్తాడని పాలక్కకి తెలుసు. ఎన్నేళ్ళుగానో ఆ చప్పుడు వింటోంది, ఎవరెవరినో లేపి ఆ బస్సుకి పంపింది. ఇప్పుడు తను వెళ్ళాలి. బుల్లి గొంతు చెవిలో మెదిలింది. తర్వాత ఎప్పుడొచ్చినా నాకు తెలీదు కదా. చెయ్యి మాత్రం గ్రిల్లు వదలడం లేదు.

కొక్కెం లేక ట్రేలు చేత్తోనే ఈడ్చుకుంటూ తోడికోడలు అటే వచ్చింది.

"ఇంకా ఇక్కడే ఉన్నావేంటి?"

"పలకడం లేదే. దీపం ఉంది, మనిషి పలకడం లేదు. పడిపోయాడేమోనే."

తోడికోడలు కూడా పిలిచింది. తలుపు మీద అరిచేత్తో బాదింది. అప్పుడు పాలక్క వైపు తిరిగి, "నువ్వు వెళ్ళక్కా," అంది.

"ఇలా వదిలేసి ఎలా వెళ్తానే?"

"నేను చూస్తాను. టీచరమ్మ వాళ్ళాయన్ని లేపుతాను, అందరినీ లేపుతాను. నువ్వు డాక్టరువి కావు, ఉండి ఏం చేస్తావు? అక్కడ బుల్లి కళ్ళు కాయలు కాచేలా చూస్తుంటుంది."

పాలక్క నుంచునే ఉంది. జవాబు రాని గుమ్మం వదిలి వెళ్ళడం ఆవిడకి చేతకాదు. తోడికోడలు దగ్గరికొచ్చి ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటే విప్పి కొక్కెం తీసుకుంది. తర్వాత రెండు భుజాలూ పట్టుకుని పెద్దరోడ్డు వైపు తిప్పింది.

"పో," అంది.

పాలక్క పరిగెత్తింది. బ్యాగు వీపుకి కొట్టుకుంటూ, ఫ్లాస్కులో నీళ్ళు గుడగుడలాడుతూ, చెప్పు సగం ఊడి, అలాగే పరిగెత్తింది. ఒక ముసలాయన్ని చావుకి వదిలేసి పోతున్నానని అడుగడుక్కీ అనిపించింది. అనిపించినా ఆగలేదు. కదులుతున్న బస్సు కమ్మీ అందుకుంది. కండక్టరు ఆవిడ రెక్క పట్టుకుని లోపలికి లాగాడు.

ఊపిరి తిప్పుకుని తలెత్తితే ఎదురుగా కిటికీ పక్క సీట్లో గుమాస్తాగారు కూర్చుని బిస్కెట్లు తింటున్నాడు.

"వచ్చావా? ఆలస్యమైందేం?" అన్నాడు.

పాలక్క ముందు సీటు కమ్మీ పట్టుకుని అలాగే ఉండిపోయింది. బతికే ఉన్నాడు. గుండెల మీద నుంచి పెద్ద బండ ఎవరో దొర్లించేసినట్టయింది. ఏడుపొస్తుందేమో అనుకుంది. ఏడుపు రాలేదు. ఒళ్ళు మండుకొచ్చింది.

"మీ తలుపు దగ్గరే ఉన్నానండీ ఇంతసేపూ," అంది.

"అయ్యో. నువ్వు నీ హడావుడిలో మర్చిపోతావేమో అని నేనే లేచి వచ్చేశానమ్మా. కిటికీ సీటు కూడా దొరికింది."

"ఒక మాట చెప్పి రావలసింది కదండీ. మా ఇంటి ముందునుంచే కదా వచ్చారు."

"ఆ వేళప్పుడు నిన్ను లేపడం ఎందుకని," అన్నాడాయన. నిజంగానే ఆవిడ మీద దయతో అన్నట్టు అన్నాడు.

దీపం ఎందుకు వదిలేశారని అడిగితే దొంగల భయమన్నాడు. ఫోను ఎందుకు ఆపేశారని అడిగితే ఛార్జింగు ఆదా అన్నాడు. అన్నిటికీ ఆయన దగ్గర కారణం ఉంది. టిక్కెట్టు తీసుకుని చిల్లర ముడేసుకున్నాకగాని పాలక్కకి తోడికోడలు గుర్తు రాలేదు. గబగబా ఫోను తీసింది. అవతల ఫోను ఎత్తగానే ఒకటే జనం గోల వినపడింది.

"అక్కా, ఎక్కావా బస్సు?"

"ఎక్కాను. ఆయన ఇక్కడే ఉన్నాడే. బస్సులోనే ఉన్నాడు. ఆపించు, అందర్నీ ఆపించు."

"ఇంకేం ఆపేది," అంది తోడికోడలు. "తలుపు తీసేశారు. టీచరమ్మ వాళ్ళాయన గునపం తెచ్చారు. సెలూనాయన భుజంతో గుద్దాడు. గడియతో సహా ఊడొచ్చింది. మంచం కింద కూడా వెతికాం."

పాలక్క ఫోను దించింది. గుమాస్తాగారు ఇంకో బిస్కెట్టు తీస్తున్నాడు.

"మీ తలుపు పగలగొట్టారండీ," అంది.

ఆయన చెయ్యి నోటిదగ్గరే ఆగిపోయింది. "ఎవరు?"

"వీధివాళ్ళు. మీరు లోపల పడిపోయారనుకుని."

"పగలగొట్టమని నేను చెప్పానా?"

"లేపమని చెప్పారు కదండీ."

ఆయన లేచి నుంచున్నాడు. బిస్కెట్టు ముక్కలు ఒళ్ళోంచి రాలాయి. ఇల్లంతా బార్లా తెరిచి ఉంటే భోజనాలకి ఎలా వెళ్తాననీ, ఆ గడియ ఇప్పుడు దొరకదనీ, ఆపవయ్యా బస్సు అనీ కండక్టరు మీద కేకలేశాడు. మలుపు దగ్గర బస్సు నెమ్మదించింది. దిగబోతూ వెనక్కి తిరిగాడు.

"నువ్వు కూడా దిగు. నీ వల్లే కదా ఇదంతా. నువ్వొచ్చి వాళ్ళతో మాట్లాడు. ఆ తలుపు ఎవరు బాగుచేయిస్తారో తేల్చి, తర్వాతి బస్సుకి వెళ్దువుగాని."

ఆయన ఆ మాట అడగడంలో ఆశ్చర్యం లేదు. పాలక్క ఎప్పుడూ కాదనలేదు. బస్సులో జనం మొహాలు ఆవిడ వైపు తిరిగాయి. ఆయన వెంట వచ్చిన కోడలో పనిమనిషో అనుకుని ఉంటారు.

"నేను దిగనండీ," అంది పాలక్క.

గొంతు పెద్దది చెయ్యలేదు. అంత చిన్నగా మాట్లాడడం వీధిలో ఎవరూ విని ఉండరు.

"దిగవా?"

"మా అమ్మాయికి ఇవాళ ఆపరేషను. నేను వెళ్ళాలి."

"ఆపరేషనా?" ఆయన మెట్టు మీద ఒక్క క్షణం నిలబడ్డాడు. అంతలో తలుపు గుర్తొచ్చినట్టుంది, దిగి చీకట్లో వెనక్కి నడిచాడు. బస్సు కదిలింది. పాలక్కకి జాలి వేయలేదు. వేయనందుకు కాస్త వింతగా అనిపించింది. ఖాళీ అయిన కిటికీ సీట్లో బిస్కెట్టు పొడి దులిపి కూర్చుంది. కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది. ఆసుపత్రి స్టాపు వచ్చిందని కండక్టరు భుజం తట్టేదాకా ఆవిడకి ఒంటిమీద స్పృహ లేదు.

లిఫ్టు దగ్గర జనం ఉంటే మెట్లెక్కింది. వార్డు బయట బెంచీ మీద అల్లుడు మోచేతులు మోకాళ్ళకి ఆనించి కూర్చున్నాడు. ఆవిడని చూసి లేచాడు.

"వచ్చారా అత్తయ్యా." ఆవిడ రాదేమోనని ఆయన ఎంత అనుమానపడ్డాడో ఆ మాటలోనే తెలిసింది.

"తీసుకెళ్ళిపోయారా?"

"లేదు, ఇంకా లేదు. రాత్రంతా కన్ను మూయలేదు. తలుపు చప్పుడైతే చాలు, తల తిప్పి చూడడమే. ఇందాక ఏదో మాత్ర ఇచ్చారు. ఇప్పుడే కునుకు పట్టింది."

పాలక్క లోపలికి వెళ్ళింది. బుల్లి తలుపు వైపే తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుని పడుకుని ఉంది. ఆకుపచ్చ గౌను వేశారు. జుట్టు రెండు పాయలుగా అల్లి కట్టుగుడ్డ పేలికలతో బిగించారు. పెళ్ళై పిల్లాడున్న మనిషిలా లేదు. ఫ్లాస్కు నేలమీద పెడుతూ ఉండగానే వెనక చక్రాల చప్పుడైంది. నర్సు ట్రాలీ తోసుకుంటూ వచ్చింది.

"మీ అమ్మాయేనా? లేపండమ్మా. డాక్టరుగారు వచ్చేశారు."

పాలక్క మంచం దగ్గరికి వెళ్ళి పిలవబోయి ఆగింది.

వీధిలో ఎవరిని ఎలా లేపాలో ఆవిడకి తెలుసు. ఎవరికి కేక వెయ్యాలి, ఎవరికి గ్రిల్లు మీద కొడితే చాలు, ఎవరు ముసుగు తీశాక కూడా నిద్రపోతారు, అన్నీ తెలుసు. ఈ పిల్లని ఎలా లేపాలో తెలియదు. ఒక్కనాడూ లేపలేదు. ఆవిడ పాలు వేసి ఇంటికి వచ్చేసరికి బుల్లి తనే లేచి, తనే జడ వేసుకుని, పక్క చుట్టేసి బడికి తయారై ఉండేది. బుద్ధిమంతురాలని అందరూ మెచ్చుకునేవాళ్ళు. తనూ మెచ్చుకునేది. ఒంటరిగా చీకట్లో ఎలా లేచేదో, ఏ చప్పుడుకి లేచేదో ఎప్పుడూ అడగలేదు. ఆ సిగ్గు ఇప్పుడు వచ్చింది.

వంగి, నుదుటిమీద చెయ్యి పెట్టింది. ఎంత బరువు పెట్టాలో తెలియక ముందు వేళ్ళు, తర్వాత అరచెయ్యి పెట్టింది.

"బుల్లీ. లే అమ్మా. నేనొచ్చాను."

బుల్లి కళ్ళు తెరవలేదు. చెంప కింది చెయ్యి తీసి, నుదుటిమీది చేతిని పట్టుకుంది. ఆ చేతిలో కొక్కెం ఒరుసుకుని గట్టిపడ్డ చోట బొటనవేలితో తడిమి చూసింది. మొహం కాస్త వదులైంది.

"ఇంకాసేపు పడుకుంటానమ్మా," అంది.

నర్సు గోడ గడియారం వైపు చూసి, ట్రాలీ మంచం వైపు తోసింది.

"ఒక్క నిమిషం ఆగమ్మా," అంది పాలక్క నర్సుతో. స్టూలు లాక్కుని ట్రాలీకీ మంచానికీ మధ్య వేసుకుని కూర్చుంది. చెయ్యి తియ్యలేదు.

"పడుకో," అంది కూతురితో.